మామూలుగా జరగదు, పనిగట్టుకుని చేస్తే తప్ప

2009లో లైనక్స్ కెర్నల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు కోడ్‌లో, ఒక విచిత్రమైన లోపం బయటపడింది. టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక పాయింటర్ (మెమరీలో ఒక చోటును చూపే అడ్రస్) ఖాళీగా ఉందేమో చూసి, ఖాళీ అయితే ఎర్రర్ చెప్పి వెనక్కి వచ్చేసే చెక్ ఉంది. సోర్స్ కోడ్ తెరిచిన ఎవరికైనా అది కళ్లకు కనబడుతుంది. కంపైల్ అయ్యాక మెషీన్ కోడ్‌ని విప్పి చూస్తే మాత్రం ఆ చెక్ లేదు. దాన్ని ఎత్తేసింది ఏ హ్యాకరో కాదు, సోర్స్ కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే జీసీసీ కంపైలరే. కంచే చేను మేసింది.

కంపైలర్ తర్కం ఇదీ. ఆ ఫంక్షన్‌లో చెక్ కంటే ముందు లైన్లోనే ఆ పాయింటర్ ద్వారా మెమరీలోంచి ఒక విలువ చదివేశారు. ఖాళీ పాయింటర్‌తో అలా చదివితే ఏమవుతుందో సీ భాష ఏ హామీ ఇవ్వదు, అసలు అలాంటిది జరగదనుకునే హక్కు కంపైలర్‌కి ఇస్తుంది. "ముందే వాడేశారంటే ఇది ఖాళీ కాదన్నమాట. ఖాళీ కాదని తేలాక మళ్లీ చెక్ ఎందుకు, దండగ" అనుకుని తీసేసింది. మామూలు ప్రోగ్రామ్‌లో అయితే ఖాళీ పాయింటర్‌ని ముట్టుకోగానే ప్రోగ్రామ్ కూలిపోతుంది, కథ అక్కడితో అయిపోతుంది. కెర్నల్‌లో అలా కాదు. సున్నా అడ్రస్ దగ్గర ముందుగానే తన డేటా పెట్టి ఉంచగలిగినవాడు ఎదురైతే ఆ చదవడం కూలిపోదు. చెక్ ఎలాగూ లేదు కాబట్టి కోడ్ ముందుకు సాగిపోతుంది, వాడు పెట్టిన డేటానే నమ్ముతూ. దానితో మెషీన్ మొత్తం వాడి చేతికి చిక్కేలా దాడి చేసి చూపించారు కూడా.

ఈ ఉదంతంలో తప్పెవరిది? చదివాక చెక్ పెట్టిన ప్రోగ్రామర్‌దా, నియమాన్ని అక్షరాలా పాటించిన కంపైలర్‌దా, ఆ వెసులుబాటు ఇచ్చిన భాషదా? తిలాపాపం తలా పిడికెడు. కెర్నల్ వాళ్లు మాత్రం వాదనలో కూర్చోకుండా, ఇలాంటి చెక్‌లు తీసెయ్యొద్దని కంపైలర్‌కి చెప్పే ఒక ఆప్షన్‌ని తమ బిల్డ్‌లో పెట్టేసుకున్నారు.

కెర్నల్, కంపైలర్, మెమరీ కేటాయించే లైబ్రరీ, ఎన్‌క్రిప్షన్ కోడ్ లాంటి అడుగు పొరల్లో పనిచేసే డెవలపర్ ఉద్యోగమంతా దాదాపు ఇలాంటి పేచీల మధ్యే నడుస్తుంది. పైనుంచి చూసేవాళ్లకి పెర్ఫార్మెన్స్ ఒక పని, సెక్యూరిటీ ఇంకో పని. రెండిటికీ వేరు వేరు టీములు, వేరు వేరు మీటింగులు. కోడ్ దగ్గరకొస్తే రెండూ ఒకే లైన్లో ఉంటాయి. వేగంగా నడిచే ప్రతి కోడూ "మామూలుగా ఇలా జరుగుతుంది" అన్న ఒక నమ్మకం మీద నడుస్తుంది. దాడి చేసేవాడు మామూలుగా జరగనిదాన్ని పనిగట్టుకుని జరిపిస్తాడు. పెర్ఫార్మెన్స్ చూసేవాళ్లు సగటును చూస్తే, సెక్యూరిటీ చూసేవాళ్లు ఆ సగటులో లేనివాడిని చూస్తారు.

ఇది బాగా అర్థమవ్వాలంటే హ్యాష్ టేబుల్‌ని చూడాలి. పేరు ఇస్తే విలువ ఇచ్చే పట్టిక అది. పేరు మీద ఒక చిన్న లెక్క వేసి, వచ్చిన అంకెను బట్టి దాన్ని ఏదో ఒక అరలో పడేస్తారు. పేర్లు అన్ని అరల్లోకీ చెదిరి పడినంతకాలం, లక్ష పేర్లున్నా కావలసినదాన్ని వెతకడం క్షణంలో పని. చాలా ఏళ్లపాటు అందరూ ఆ లెక్కను వీలైనంత తేలిగ్గా, వేగంగా ఉండేలానే రాసుకున్నారు. 2011 డిసెంబరులో ఇద్దరు పరిశోధకులు బెర్లిన్‌లో ఒక సభలో దాన్ని ఎలా తిరగెయ్యొచ్చో చూపించారు. ఒకే అరలో పడే పేర్లను లెక్క చూసుకుని తయారుచేసి, వెబ్ సర్వర్‌కి ఒక ఫారమ్‌లో పంపిస్తే చాలు. పీహెచ్‌పీ, జావా, పైథాన్, రూబీ లాంటి భాషలన్నీ చిక్కుకున్నాయి. అన్నీ ఒకే అరలో పడితే ప్రతి కొత్త పేరునూ పాతవాటన్నిటితో పోల్చి చూడాలి కదా. కొద్దిపాటి డేటాతో సర్వర్‌ని నిమిషాల తరబడి ఊపిరాడకుండా చెయ్యొచ్చు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, 2003లోనే ఒక పరిశోధనా పత్రంలో వచ్చింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, అంతే.

2012లో ఓమాసన్, బెర్న్‌స్టీన్ అనే ఇద్దరు క్రిప్టోగ్రాఫర్లు సిప్‌హ్యాష్ అనే కొత్త లెక్కను తయారుచేశారు. అందులో ఒక రహస్య సంఖ్య కలుస్తుంది కాబట్టి ఏ పేరు ఏ అరలో పడుతుందో బయటివాడు ముందుగా లెక్క కట్టలేడు. పాతవాటికంటే కాస్త నెమ్మదే, అయినా భరించదగినంత. పైథాన్ తీసుకుంది, రస్ట్ భాష దాన్నే డిఫాల్ట్‌గా పెట్టుకుంది. ఈ రోజుకీ "మీ హ్యాష్ నెమ్మదిగా ఉంది, మార్చండి" అని రస్ట్ కొత్తవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఆ కాస్త నెమ్మది ఎందుకు పెట్టారో తెలియకపోతే నిజంగానే అది పొరపాటులా కనిపిస్తుంది.

వేగం కోసం మనుషులు వాడే ఎత్తుగడలు చూడటానికి వందలున్నా, వేళ్లు మడిచి లెక్కపెట్టగలిగినన్ని రకాలే. చెయ్యక్కర్లేని పని మానెయ్యడం, చేసినదాన్ని దాచుకోవడం, రాబోయేదాన్ని ముందే ఊహించడం. టన్ డ్రైవర్‌లో కంపైలర్ చేసింది మొదటిది. రెండోదానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ గురించి చాలామంది వినే ఉంటారు. వెబ్‌లో చాలా భాగం ఎన్‌క్రిప్షన్ కోసం ఆధారపడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో, అవతలివాడు "నేను పంపింది ఇన్ని బైట్లు, అవే తిరిగి పంపు" అంటే, నిజంగా అన్ని పంపాడో లేదో చూడకుండా అన్ని బైట్లూ కాపీ చేసి పంపేసేది. ఒక్కసారి అడిగితే 64 కిలోబైట్ల వరకు సర్వర్ మెమరీ బయటికొచ్చేది, అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, రహస్య తాళాలు ఉండొచ్చు. రెండేళ్లకు పైగా ఆ బగ్ అందరి కళ్లముందే ఉంది. ఇదంతా తెలిసిన కథే. దాని వెనక ఇంకో చిన్న కథ ఉంది, నా దృష్టిలో అదే అసలు పాఠం.

కొన్ని సిస్టమ్స్‌లో మెమరీ అడగడం, తిరిగి ఇవ్వడం నెమ్మదిగా ఉంటోందని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు ఎప్పుడో ఒక సొంత ఏర్పాటు చేసుకున్నారు. వాడి వదిలేసిన బఫర్‌లను, అంటే తాత్కాలిక మెమరీ ముక్కలను, సిస్టమ్‌కి తిరిగి ఇవ్వకుండా తమ దగ్గరే ఒక జాబితాలో పెట్టుకుని, మళ్లీ అవసరమైనప్పుడు అందులోంచి తీసుకోవడం. వేగానికి మంచిదే. అయితే ఓపెన్‌బీఎస్‌డీ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్స్ మెమరీ కేటాయింపులోనే కొన్ని ఉచ్చులు పన్ని ఉంచుతాయి. వదిలేసిన మెమరీని చెత్తతో నింపడం, హద్దు దాటి చదివితే ప్రోగ్రామ్‌ని కూల్చెయ్యడం లాంటివి. మెమరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సొంత జాబితాలోనే తిరుగుతుంటే ఆ ఉచ్చుల్లో ఏదీ పడదు. కాపలావాడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, వచ్చేపోయేవాళ్లంతా పెరటి దారిన తిరుగుతున్నారు.

సరే, ఆ జాబితాను ఆపేద్దామని ఓపెన్‌బీఎస్‌డీ డెవలపర్లలో ఒకరు ప్రయత్నిస్తే లైబ్రరీ పనిచెయ్యడమే మానేసింది. ఎందుకంటే కోడ్‌లో ఒకచోట బఫర్‌ని వదిలేసి, వెంటనే మళ్లీ అడిగి, అందులో పాత డేటా చెక్కుచెదరకుండా ఉంటుందని నమ్ముకున్నారు. చివర పెట్టినదే ముందు తీసే జాబితా కాబట్టి అన్నేళ్లూ అది నిజంగానే ఉండేది. వేగం కోసం పెట్టిన ఒక ఏర్పాటు ఇంకో బగ్‌ని దాచిపెట్టింది, ఆ దాగిన బగ్ మూలంగా ఏర్పాటును తీసెయ్యడానికే వీల్లేకుండా పోయింది. ఆ వేగం ఎంత మిగిల్చిందో, ఇంకా అవసరమో లేదో మధ్యలో ఎవరైనా మళ్లీ కొలిచారా అన్నదే నాకు వచ్చే ప్రశ్న. మెమరీ కేటాయించే లైబ్రరీలు ఈ మధ్యకాలంలో ఎంతో మెరుగుపడ్డాయి. సమస్య తీరిపోయినా మందు మాత్రం వేసుకుంటూనే ఉన్నారు.

ఇక మూడోది, ఊహించడం. ఇది అన్నిటికంటే లోతైనది, అన్నిటికంటే ఖరీదైనది.

ప్రాసెసర్‌కి మెయిన్ మెమరీ చాలా దూరం. పక్కనే ఉన్న క్యాష్ మెమరీలో డేటా ఉంటే దాదాపు 1 నానోసెకనులో దొరుకుతుంది, మెయిన్ మెమరీ దాకా వెళ్లాల్సివస్తే 100 నానోసెకన్ల దాకా పట్టొచ్చు. ఆ టైమ్‌లో ప్రాసెసర్ వందల సూచనలు నడపగలదు. ఖాళీగా కూర్చోవడం ఇష్టం లేక అది పందెం కాస్తుంది. "ఇండెక్స్ హద్దులోపల ఉంటేనే చదువు" అని కోడ్‌లో ఉంటే, హద్దు విలువ మెమరీ నుంచి వచ్చేదాకా ఆగదు. ఇంతకుముందు వెయ్యిసార్లు హద్దులోపలే ఉంది కాబట్టి ఇప్పుడూ ఉంటుందని చదివేసి ముందుకెళ్లిపోతుంది. పందెం ఓడిపోతే చేసిన పనంతా చెరిపేసి మొదటికి వస్తుంది. పీసీల్లో ఈ పద్ధతి 1995లో వచ్చిన పెంటియమ్ ప్రో కాలం నుంచే ఉంది.

చెరిపేసింది అనుకున్నదంతా చెరిగిపోలేదని 2018 జనవరి 3న లోకానికి తెలిసింది. స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అని పేర్లు పెట్టారు. స్పెక్టర్‌లో ఒక రకం ఇలా పనిచేస్తుంది. దాడి చేసేవాడు హద్దులోపలి ఇండెక్స్‌లు చాలాసార్లు ఇచ్చి ప్రాసెసర్‌కి అలవాటు చేస్తాడు. తర్వాత హద్దు దాటిన ఇండెక్స్ ఒకటి ఇస్తాడు. ప్రాసెసర్ అలవాటు కొద్దీ చదవకూడని రహస్య బైట్‌ని చదివి, దాని విలువను బట్టి ఇంకో పట్టికలో ఒక గడిని ముట్టుకుంటుంది. తర్వాత తప్పు తెలుసుకుని అన్నీ వెనక్కి తీసుకుంటుంది, ఒక్కటి తప్ప. ముట్టుకున్న గడి క్యాష్‌లోకి వచ్చేసింది. ఇప్పుడు దాడి చేసేవాడు గడులన్నిటినీ ఒక్కొక్కటిగా చదువుతూ టైమ్ కొలుస్తాడు. ఏది వేగంగా వచ్చిందో ఆ గడి నంబరే రహస్య బైట్ విలువ. ఎక్కడా చదవడానికి అనుమతి లేదు, అయినా చదివేశాడు.

మెల్ట్‌డౌన్ వెనక కూడా వేగం కోసం చేసుకున్న ఒక సర్దుబాటే ఉంది. ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏదైనా పని అడిగిన ప్రతిసారీ మెమరీ పటాన్ని మార్చడం ఖర్చు కాబట్టి, కెర్నల్ మెమరీని కూడా ప్రతి ప్రోగ్రామ్ పటంలోనే గీసి ఉంచి, "ఇటు చూడొద్దు" అని గుర్తు పెట్టేవాళ్లు. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు ఊహించే తొందరలో ఆ గుర్తును ఆలస్యంగా చూసేవి. లైనక్స్‌లో దీనికి వచ్చిన మందు కేపీటీఐ, అంటే రెండు పటాలను విడగొట్టెయ్యడం. దీని మూలం గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో వేరే అవసరం కోసం చేసిన కైజర్ అనే ప్యాచ్. విడగొట్టాక, మాటిమాటికీ కెర్నల్‌ని పిలిచే డేటాబేస్‌ల లాంటివాటి వేగం బాగానే దెబ్బతింది, తనలో తాను లెక్కలు చేసుకునే ప్రోగ్రామ్‌లకు పెద్దగా తేడా తెలియలేదు. పటం మారినప్పుడల్లా పాత అడ్రస్‌ల జ్ఞాపకాన్ని మొత్తం చెరపనక్కర్లేకుండా చేసే పీసీఐడీ అనే సౌకర్యం అప్పటికే ప్రాసెసర్లలో ఉంది. దాన్ని వాడుకుని ఆ భారాన్ని చాలావరకు తగ్గించారు. సెక్యూరిటీ ప్యాచ్ రాసిన నెలల్లోనే దాని పెర్ఫార్మెన్స్ బాగుచెయ్యడం కూడా నడిచింది, చాలాచోట్ల ఆ రెండు పనులూ చేసింది ఒకే మనుషులు.

టైమ్ కొలవడమే ఆయుధమైనప్పుడు చిన్న చిన్న మంచి అలవాట్లు కూడా ఎదురుతిరుగుతాయి. రెండు వరుసల బైట్లు ఒకటేనా అని చూసే మామూలు ఫంక్షన్ మొదటి తేడా దగ్గరే ఆగిపోతుంది, ఆగాలి కూడా. అదే ఫంక్షన్‌తో 16 బైట్ల రహస్య సంతకాన్ని పోల్చారనుకోండి. మొదటి బైట్ సరిగ్గా ఊహిస్తే జవాబు ఒక పిసరు ఆలస్యంగా వస్తుంది. ఆ పిసరును ఓపిగ్గా కొలవగలిగినవాడికి బైట్‌కి 256 చొప్పున మొత్తం 4096 ప్రయత్నాలు చాలు. కొలవలేకపోతే విశ్వం వయసు చాలదు. అందుకే ఎన్‌క్రిప్షన్ కోడ్‌లో తేడా కనిపించినా ఆగకుండా చివరిదాకా పోల్చి, ఫలితాన్ని చివర్లోనే చెప్తారు. కావాలని నెమ్మదిగా రాసిన కోడ్ అది. అక్కడ మళ్లీ కంపైలర్‌తో తంటా. "ఇంత మెలికలు ఎందుకు, ముందే ఆగిపోవచ్చుగా" అని అది సాయం చెయ్యబోతుందేమోనని భయం. మెమరీలో పాస్‌వర్డ్‌ని వాడాక సున్నాలతో తుడిచే లైను కూడా ఇలాగే మాయమవుతుంటుంది, తర్వాత ఆ మెమరీని ఎవరూ చదవట్లేదు కదా అని. "దీన్ని మాత్రం తీసెయ్యకు" అని చెప్పే ఫంక్షన్‌ని 2014లో ఓపెన్‌బీఎస్‌డీ, 2017లో లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ తెచ్చుకున్నాయి. సీ భాష ప్రమాణంలోకి అలాంటిది తప్పనిసరి భాగంగా సీ23తో గానీ రాలేదు.

ఇదంతా చదివితే సెక్యూరిటీ అంటే నెమ్మది అనిపించొచ్చు. ఈ రంగంలో పాతుకుపోయిన నమ్మకం కూడా అదే, నాకు కోపం తెప్పించేదీ అదే. సీ, సీ ప్లస్ ప్లస్ ప్రపంచంలో "ప్రతి అర్రేకీ హద్దు చూస్తే వేగం పోతుంది" అన్న మాట దశాబ్దాలుగా మంత్రంలా నడిచింది. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ అనే, తనంతట తాను వ్యాపించే ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లో పాకిన దారుల్లో ఒకటి, హద్దు చూడకుండా చదివే గెట్స్ అనే ఫంక్షన్‌ని వాడిన ఒక సర్వర్ ప్రోగ్రామ్. ఆ ఫంక్షన్‌ని సీ ప్రమాణం నుంచి తీసేసింది 2011లో. తమ ఉత్పత్తుల్లో ఏటా ప్యాచ్ చేసే లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. మరి హద్దు చూడటానికి నిజంగా ఎంత ఖర్చవుతుంది? గూగుల్ తన సర్వర్లలో సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్ లైబ్రరీకి హద్దుల చెక్‌లు పెట్టి చూసి, సగటున 0.30 శాతమే తేడా వచ్చిందని 2024లో ప్రకటించింది. వెయ్యికి పైగా బగ్‌లు కూడా దొరికాయి.

అంత తక్కువ ఎందుకంటే, హద్దు చెక్ దాదాపు ఎప్పుడూ పాసవుతుంది, ప్రాసెసర్ కూడా అది పాసవుతుందనే ఊహించి ముందుకెళ్లిపోతుంది. పైగా కంపైలర్ అనవసరమైన చెక్‌లను తనే తీసేస్తుంది. గమనించారా, ఇక్కడ చెక్‌ని చవగ్గా చేస్తున్న ఆ ఊహే స్పెక్టర్‌లో తలుపు తెరిచింది. ఇక్కడ ఆదుకున్న కంపైలరే టన్ డ్రైవర్‌లో ముంచింది. పనిముట్టు ఒకటే.

రస్ట్ గురించి ఒక మాట చెప్పకపోతే బాగుండదు. మెమరీ తప్పుల్లో ఎక్కువ భాగాన్ని కంపైల్ టైమ్‌లోనే పట్టేసే భాష అది, లైనక్స్ కెర్నల్‌లోకి 2022 డిసెంబరులో 6.1 వెర్షన్‌తో అడుగుపెట్టింది. ఆండ్రాయిడ్ వాళ్లు పాత కోడ్‌ని తిరగరాసే పని పెట్టుకోకుండా, కొత్త కోడ్ ఎక్కువగా సురక్షిత భాషల్లో రాస్తూ పోయారు. 2019లో 76 శాతంగా ఉన్న మెమరీ లోపాల వాటా 2024కి 24 శాతానికి దిగింది. పాత కోడ్‌లోని బగ్‌లు కాలం గడిచేకొద్దీ దొరికిపోయి తగ్గుతాయన్నది అక్కడ అసలు కిటుకు.

ఇంతకీ ఈ డెవలపర్ రోజంతా ఏం చేస్తాడు? ఎక్కువసేపు కొలుస్తాడు. పెర్ఫ్ లాంటి పనిముట్టుతో ప్రోగ్రామ్‌ని సెకనుకు వేలసార్లు ఆపి "ఇప్పుడెక్కడున్నావ్" అని అడిగి, ఎక్కడ టైమ్ పోతోందో బొమ్మ గీయించుకుంటాడు. చాలాసార్లు కొండను తవ్వి ఎలుకను పడతాడు. మెషీన్ వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గినా, వెనకాల ఏదో అప్‌డేట్ నడిచినా కొలత మారిపోతుంది, అదే పెద్ద టెన్షన్. నేనోసారి ఒక చెక్‌సమ్ ఫంక్షన్‌ని మార్చి, వందల రెట్లు వేగం పెరిగిందని కాసేపు గాల్లో తేలాను. బెంచ్‌మార్క్‌లో ఫలితాన్ని ఎక్కడా వాడలేదని గమనించిన కంపైలర్ లూప్ మొత్తాన్నే ఎత్తేసింది. నేను కొలిచింది ఏమీ చెయ్యకుండా ఉండటానికి పట్టే టైమ్. అప్పటినుంచి మరీ మంచి అంకె కనబడితే ముందు మెషీన్ కోడ్ తెరుస్తాను.

ఈ కొలిచే పిచ్చి ఎంత దూరం వెళ్లగలదో 2024 మార్చిలో తెలిసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, సెక్యూరిటీ నిపుణుడు కాదు. డేటాబేస్ వేగం కొలవడానికి మెషీన్‌ని నిశ్శబ్దంగా ఉంచే ప్రయత్నంలో ఉండగా, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌లు (దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే దారి) ఎందుకో ఎక్కువ సీపీయూ తింటున్నాయని గమనించాడు. తప్పు పేరుతో ప్రయత్నించి వెంటనే విఫలమవ్వాల్సిన లాగిన్‌లు కూడా. కొలిస్తే 0.299 సెకన్లు పట్టాల్సినది 0.807 పడుతోంది. వేరేవాళ్లయితే భుజాలెగరేసి వదిలేసేవాళ్లు. ఆయన ప్రొఫైల్ తీశాడు. టైమ్ అంతా ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో పోతోంది, అదీ ఏ ఫంక్షన్ పేరూ దొరకని చోట. కొన్ని వారాల ముందు ఆటోమేటిక్ టెస్టుల్లో అదే లైబ్రరీ వచ్చాక మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ విసిరిన ఒక వింత ఫిర్యాదు కూడా గుర్తుకొచ్చింది.

తవ్వితే దొడ్డిదారి బయటపడింది. ఒక వ్యక్తి, లేదా ఒక ముసుగు పేరు, రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని పెట్టాడు. తన దగ్గరున్న రహస్య తాళంతో, అది చేరిన మెషీన్లలో కోడ్ నడపగలిగే ఏర్పాటు అది. మార్చి 29న ఫ్రాయిండ్ బహిరంగంగా ప్రకటించేనాటికి ఆ వెర్షన్లు డెబియన్, ఫెడోరాల ప్రయోగాత్మక రూపాల్లోకి చేరాయి, స్థిరమైన విడుదలల్లోకి ఇంకా రాలేదు. దాడి చేసినవాళ్లు గుర్తుపట్టకుండా ఉండటానికి ఎన్నో జాగ్రత్తలు తీసుకున్నారు, టెస్ట్ ఫైళ్లలో కోడ్‌ని ముక్కలుగా దాచారు, డీబగ్గర్ కనబడితే నోరు మూసుకునేలా రాశారు. వాళ్ల దొడ్డిదారి కోడ్‌ని మాత్రం ఎవరూ ఆప్టిమైజ్ చెయ్యలేదు.